చదువుకున్న బిడ్డ లేని అవ్వ సంగతేంది?

మా అవ్వ బతికింది. ఈ మాట ముందే చెప్తున్నాను. ఇది ఏడుపు కథ కాదు, ఎవరి జాలి కోసమో రాస్తున్నదీ కాదు. అవ్వ దవాఖాన నుంచి ఇంటికొచ్చిన రోజు గూడెంలో అందరూ వచ్చి చూసి పోయారు. "చదువుకున్న బిడ్డ ఉంటే అట్లుంటది" అని నన్ను మెచ్చుకున్నారు. నేను పనిచేసే ఆశ్రమ పాఠశాలలో కూడా సార్లు, మేడంలు అదే మాట అన్నారు. అప్పుడు సంతోషంగానే విన్నాను. తర్వాత ఆ మాట ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. చదువుకున్న బిడ్డ ఉంది కాబట్టి అవ్వ బతికిందంటే, చదువుకున్న బిడ్డ లేని అవ్వ చావాల్సిందేనా? ఆ మెచ్చుకోలుతో నాకున్న పేచీయే ఈ వ్యాసం.

నేను గోండు ఆడబిడ్డను. డిగ్రీ, బీఈడీ చదివి ఆశ్రమ పాఠశాలలో సీఆర్టీగా చేస్తున్నాను. మా అవ్వకు అరవై దాటాయి. పత్తి చేలో, కంది చేలో ఒంగి పనిచేసిన మనిషి. గోండీ తప్ప వేరే భాష సరిగా రాదు. సంతలో బేరమాడేంత తెలుగు, కొంచెం మరాఠీ వచ్చు. నొప్పి గురించి చెప్పేంత తెలుగు రాదు. ఈ రెండింటికీ తేడా ఎంతో నాకు దవాఖానలోనే తెలిసింది.

కార్డు మీద రాసిన బరువు

అవ్వకు దగ్గు పట్టింది. వానాకాలం దగ్గేలే అనుకున్నాం. ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, సీసా మందు అయ్యాయి. మూడు నెలలు గడిచాక తెమడ పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలని గోడల మీద రాసే ఉంటుంది. ఆ గోడ ముందు నుంచే నేను రోజూ బడికి పోతాను. కాబట్టి మొదటి తప్పు నాది.

మందులు మొదలుపెట్టారు. ఆరు నెలల కోర్సు, మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందు కలిపిన మాత్రలు. రోజుకు ఎన్ని మింగాలన్నది మనిషి బరువును బట్టి ఉంటుంది. అవ్వ కార్డు మీద బరువు 42 కిలోలని రాసి ఉంది. రోజుకు మూడు మాత్రలన్నారు. మాత్రల వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని కూడా చెప్పారు. ఆ మాట నిజమే, చెప్పడం మంచిదే.

అయిదో వారానికి అవ్వ తిండి మానేసింది. జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటే వాంతి. మాత్రలిచ్చే చోటికి తీసుకెళ్తే, "మీ ఏజెన్సీవాళ్ళంతా ఇంతే, రెండు రోజులు కడుపులో తిప్పితే చాలు మానేస్తారు. మానొద్దు, మింగాల్సిందే" అన్నారు. వాంతులు ఎప్పటి నుంచి, రోజుకెన్ని, కళ్ళెట్లున్నాయి అని ఎవరూ అడగలేదు. వచ్చిన మనిషి కంటే ముందు ఆ మనిషి గురించిన అభిప్రాయం అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

అవ్వ మాత్రలు మానేసింది. కార్డు మీద "పేషెంట్ మందులు మానేసింది" అని ఎక్కింది. ఎందుకు మానేసిందో రాసే చోటు ఆ కార్డు మీద లేదు. వారం తర్వాత నేను సెలవు మీద ఇంటికెళ్ళేసరికి అవ్వ కళ్ళు పసుపు పూసినట్టున్నాయి.

వాగు దాకా మంచం మీద మోశాం. అవతల 108 నిలబడి ఉంది. మైదానంలో ఉన్న ఒక పెద్ద దవాఖానకు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఆ దవాఖాన పేరు రాయను. ఒక్క దవాఖాన తప్పే అయితే పేరు రాసి, పిటిషన్ పెట్టి ఊరుకునేదాన్ని, వ్యాసం రాయాల్సిన పనిలేదు.

అక్కడ మొదటి మూడు రోజులూ సెలైన్ పెట్టారు. వచ్చిన ప్రతి డాక్టరూ కార్డు చూసి, "డిఫాల్టరా?" అని అడిగి పోయేవాడు. నేను ఒకే మాట పట్టుకున్నాను: "మా అవ్వ మాత్రలు మానేసి వాంతులు తెచ్చుకోలేదు సార్. వాంతులయ్యాకే మానేసింది. లివర్ పరీక్ష రాయండి." ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఒకాయన "నువ్వు డాక్టర్‌వా?" అన్నాడు. "కాదు సార్, బిడ్డను" అన్నాను. నాలుగో రోజు ఒక చిన్న డాక్టరమ్మ, హౌస్ సర్జన్ అనుకుంటా, ఆగింది. కేస్ షీట్ మొదటి పేజీ నుంచి చదివింది. అవ్వను లేపి తూకం మీద నిలబెట్టింది. 33 కిలోలు. ఆమె కార్డు చూసింది, తూకం చూసింది, నా వైపు చూసింది. ఏమీ అనలేదు. ఆ బరువుకు రోజుకు రెండు మాత్రలే. అవ్వ అయిదు వారాలు మూడేసి మింగింది. ఆ 42 ఎక్కడి నుంచి వచ్చిందంటే, అవ్వను ఎవరూ తూకం ఎక్కించలేదు, చూసి రాశారు.

రక్త పరీక్షలో లివర్ దెబ్బతిన్నదని తేలింది. టీబీ మందులు వాడేవాళ్ళలో కొందరికి సరైన మోతాదులోనే ఇది జరుగుతుందని, ఎక్కువ మోతాదు ఆ ప్రమాదాన్ని పెంచుతుందని ఆమే చెప్పింది. అలాంటప్పుడు మందులు ఆపి, లివర్ కుదుటపడ్డాక ఒక్కొక్క మందే మళ్ళీ మొదలుపెడతారు. అంటే మా అవ్వ తనకు తానే చేసుకున్న పని, వైద్యం తెలిసినవాళ్ళు చేయించాల్సిన పనే. ఆమె ఒళ్ళు ఆమెకు నిజం చెప్పింది. కార్డు మాత్రం ఆమెను నేరస్తురాలిగా రాసింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఇది చదివి ఎవరూ సొంతంగా టీబీ మాత్రలు మానొద్దు. మధ్యలో మానితే రోగం మొండికేస్తుంది. వాంతులు ఆగకపోయినా, కళ్ళు పచ్చబడినా అదే రోజు డాక్టర్‌కు చూపించండి, లివర్ పరీక్ష అడగండి.

అప్పు ఎగ్గొట్టినవాళ్ళమా?

డిఫాల్టర్ అనే మాట బ్యాంకులో విన్నాం. అప్పు తీసుకుని ఎగ్గొట్టినవాడు డిఫాల్టర్. రోగం వచ్చిన మనిషి ఎవరి అప్పు ఎగ్గొట్టింది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే టీబీ లెక్కల్లోంచి ఆ మాట తీసేసింది. తప్పు రోగి మీదే మోపుతున్నట్టుందని తీసేసింది. కాగితాల్లోంచి పోయిన మాట వార్డుల్లో నోళ్ళలోంచి పోలేదు.

ఆదివాసీలు దవాఖానకు రారు, వచ్చినా ఉండరు, ఉన్నా మందులు మింగరు, మూఢనమ్మకాలు ఎక్కువ అంటారు. మీటింగుల్లో ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. మనవాళ్ళలో నమ్మకాలున్నాయి, కాదనను. మా పెద్దమ్మ కూడా అవ్వకు దిష్టి తీయించింది, దేవర దగ్గర కోడిని ఇచ్చింది. ఆ కోడి వల్ల అవ్వ లివర్ చెడలేదు. తూకం వేయకుండా రాసిన అంకె వల్ల చెడింది. చూసిన అంచనాను తూకమని నమ్మడం ఏ నమ్మకం కిందికొస్తుందో మీటింగుల్లో ఉపన్యాసాలు చెప్పేవాళ్ళు చెప్పాలి.

దవాఖానకు రారు అనేవాళ్ళు ఒకసారి వాగు దాటే మంచం నాలుగో కాలు పట్టుకుని చూడాలి. ఉండరు అనేవాళ్ళు, రోగితో వచ్చిన మనిషి వరండాలో గచ్చు మీద పడుకుని ఎన్ని రోజుల కూలి పోగొట్టుకుంటున్నాడో లెక్క కట్టాలి. మనవాళ్ళు దవాఖాన నుంచి పారిపోయేది మందుకు భయపడి కాదు, అవమానానికి తట్టుకోలేక. మా అవ్వ వయసు ఆమెను వార్డులో ఇరవై ఏళ్ళవాళ్ళు "ఏమే, లే" అనేవాళ్ళు. పక్క వార్డులో పట్నం ఆమెను "ఆంటీ, లేస్తారా" అనేవాళ్ళు. అవ్వకు తెలుగు రాకపోయినా ఈ రెండు పిలుపుల తేడా బాగా తెలిసింది.

పక్క మంచం

అవ్వ పక్క మంచం మీద ఒక కొలాం ముసలాయన ఉండేవాడు. ఆయనతో వచ్చిన మనవడికి పద్నాలుగేళ్ళుంటాయి. ఇద్దరికీ ఇంట్లో భాష కొలామీ. పిల్లగాడు బడి మానేసి మేకలు కాస్తున్నాడు. నేను గోండీలో, వచ్చీరాని కొలామీలో వాళ్ళతో మాట్లాడేదాన్ని. నాకు తీరిక ఉన్నప్పుడు వాళ్ళ చీటీలు కూడా చదివి పెట్టాను. నాకు తీరిక ఉన్నప్పుడు మాత్రమే.

ఒక రోజు ఆయనకు స్కానింగ్ రాశారు. స్కానింగ్ వేరే బిల్డింగ్‌లో. ఆ పొద్దున నేను అవ్వ రక్తం నమూనా పట్టుకుని ల్యాబ్ ముందు నిలబడి ఉన్నాను. తాతా మనవడూ చీటీ పట్టుకుని వెళ్ళారు. వాళ్ళు ఏ లైన్‌లో నిలబడ్డారో, ఎవరు ఎటు పొమ్మన్నారో తెలియదు. సాయంత్రానికి స్కానింగ్ కాకుండానే తిరిగొచ్చారు. మంచం మీద వేరే రోగి ఉన్నాడు. ఆయన మూట వరండాలో పెట్టి ఉంది. నేను వెళ్ళి అడిగాను. "చెప్పకుండా పోయాడని రాసేశాం, రేపు మళ్ళీ ఓపీ చీటీ రాయించుకోమను" అన్నారు. పొద్దున నేను లేచేసరికి వరండాలో మూట లేదు, తాత లేడు, మనవడు లేడు.

ఆయన కాగితాల్లో ఈ రోజుకూ "చెప్పకుండా వెళ్ళిపోయాడు" అనే ఉంటుంది. ఆదివాసీలు దవాఖానలో ఉండరు అని చెప్పే లెక్కల్లో ఆయన ఒక అంకె. ఆయన చెప్పాడు, కొలామీలో చెప్పాడు. వినే మనిషి అక్కడ లేడు.

నా పేచీ మొత్తం ఈ రెండు మంచాల మధ్య ఉంది. ఒకే వార్డు, ఒకే డాక్టర్లు, అవే మందులు. ఒక మంచం పక్కన బీఈడీ చదివిన బిడ్డ నిలబడింది, రెండో మంచం పక్కన మేకలు కాసే పిల్లగాడు నిలబడ్డాడు. వైద్యం రోగాన్ని బట్టి జరగాలి. ఇక్కడ రోగి పక్కన ఎవరు నిలబడ్డారన్నదాన్ని బట్టి జరిగింది. నన్ను మెచ్చుకునేవాళ్ళు ఈ అన్యాయాన్నే తెలియకుండా మెచ్చుకుంటున్నారు.

మనవాళ్ళు చెప్పే బుద్ధులు

బయటివాళ్ళ సంగతి అటుంచి, మన మధ్యనే వినపడే మూడు మాటలకు జవాబు చెప్పాలి.

మొదటిది పెద్దల మాట. "పెద్ద సార్లతో వాదించకు బిడ్డా, కోపమొస్తే అసలే చూడరు." ఇది భయంలోంచి వచ్చిన మాట. ఫారెస్టువాళ్ళ ముందు, పట్వారీ ముందు, పోలీసుల ముందు తలదించి బతికిన అనుభవం ఈ మాట పలికిస్తుంది. పెద్దలను తప్పుపట్టను. కానీ అడగడం వేరు, వాదించడం వేరు. "మా అవ్వ బరువు ఎంత రాశారు సార్?" అనేది వాదన కాదు. నేను గొంతు పెంచిన రోజు పని కాలేదు, నిజమే. చీటీ మీద తేదీలు రాసుకుని, ఏ రోజు ఏ మాత్ర, ఏ రోజు మొదటి వాంతి అని చదివి వినిపించిన రోజు పని అయింది. ఊరుకున్న రోజు కూడా పని కాలేదు. పెద్దలు ఈ మూడో సంగతి మరిచిపోతారు.

రెండోది మన యువకుల మాట. "అక్కా, నాకు చెప్తే లీడర్‌తో ఒక ఫోన్ కొట్టించేవాణ్ణి." ఈ ఫోన్ల మీదే మన రాజకీయం నడుస్తోంది. ఫోన్ వస్తే మంచం దొరుకుతుంది, కాదనను. అయితే ఆ మంచం ఎక్కడి నుంచి వచ్చింది? ఫోన్ చేయించే మనిషి లేని ఇంకో రోగిని లేపి ఇచ్చిందే కదా! బహుశా ఆ కొలాం తాత మంచమే కావచ్చు. సిఫారసుతో దొరికింది మేలు. మేలు చేసినవాడికి ఓటు బాకీ పడతాం, తల వంచుతాం. హక్కుగా దొరికిన దానికి ఎవరికీ బాకీ పడం.

మూడోది ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్ళ మాట. "డాక్టర్లు మాత్రం ఏం చేస్తారు, ఒక్కొక్కరికి అంతమంది రోగులు." ఈ మాటలో న్యాయముంది. రాత్రిపూట వార్డు మొత్తానికి ఒక్క సిస్టర్ పరుగులు పెట్టడం నేను చూశాను. ఆమె కూడా ఎవరి బిడ్డో. ఆమెతో నాకు తగువు లేదు. కానీ మనుషులు చాలకపోతే ఆ కొరత అందరి మీదా సమానంగా పడాలి కదా! మొదట కొలాం తాత మీద, తర్వాత మా అవ్వ మీద, చివరికి ఫోన్ ఉన్నవాళ్ళ మీద, అది కూడా పడితే పడుతుంది. కొరత ఒక సంగతి, ఆ కొరతను ఎవరి నెత్తిన రుద్దుతున్నామన్నది ఇంకో సంగతి.

నేను చేసిన తప్పు

బయటివాళ్ళను ఇంత మాట అన్నాక నా సంగతి దాచితే అది నీతి కాదు.

అవ్వ తరఫున నేనే మాట్లాడాను. డాక్టర్ నన్ను చూసి అడిగేవాడు, నేను జవాబు చెప్పేదాన్ని. అవ్వ గోండీలో ఏదో అనబోతే, "ఉండవే, నేను చెప్తున్నా కదా" అనేదాన్ని. పదో రోజో పదకొండో రోజో అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంది: "రోగం నాది. అందరూ నా గురించే మాట్లాడుతున్నరు. నాతోటి ఒక్కరూ మాట్లాడతలేరు. నువ్వు కూడా."

అప్పుడు అడిగాను, ఏం చెప్పాలనుకున్నావని. వాంతులు మొదలు కాకముందే మూత్రం రంగు మారిందట. మొదట్లో మాత్రల వల్ల వచ్చిన ఎరుపు వేరు, తర్వాత వచ్చిన చిక్కటి టీ డికాషన్ రంగు వేరు అని ఆమెకు తెలుసు. మాత్రల ఎరుపుకు భయపడొద్దన్నారు కాబట్టి ఊరుకుంది. ఆడవాళ్ళ మధ్య తప్ప మగ డాక్టర్ ముందు చెప్పే మాట కాదని కూడా ఊరుకుంది. లివర్ చెడుతోందని చెప్పే గుర్తుల్లో ముదురు రంగు మూత్రం ఒకటి. ఆ గుర్తు అందరికంటే ముందు కనిపెట్టింది చదువు లేని మా అవ్వ. దాన్ని బయటికి రానివ్వనివాళ్ళలో చదువుకున్న నేనూ ఉన్నాను.

రోగి తరఫున మాట్లాడటమంటే రోగి నోరు మూసి మాట్లాడటం కాదు. ఆమె మాట డాక్టర్ దాకా, డాక్టర్ మాట ఆమె దాకా తేడా లేకుండా మోయడం. మంచం మోసేవాడు మధ్యలో బరువు దించేస్తే ఎట్లుంటుందో, మాట మోసేవాడు మధ్యలో కొంత వదిలేస్తే అట్లనే ఉంటుంది. ఆ రోజు నుంచి డాక్టర్ అడిగిన ప్రతి ప్రశ్ననూ అవ్వకు గోండీలో చెప్పి, ఆమె జవాబు విన్నాకే తెలుగులో చెప్పాను. కొంచెం ఆలస్యమయ్యేది. విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకున్నాను.

చట్టం ఏమంటుంది

1992లో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే ఒక వ్యవసాయ కూలీ రైల్లోంచి పడ్డాడు. తలకు దెబ్బ. ఒక సర్కారు దవాఖాన నుంచి ఇంకో సర్కారు దవాఖానకు తిప్పారు. మంచాలు లేవన్నారు, సౌకర్యం లేదన్నారు. చివరికి ప్రైవేటులో వైద్యం చేయించుకుని బతికాడు. ఆయన ఉన్న కూలీల సంఘం ఊరుకోలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1996లో తీర్పు వచ్చింది. అత్యవసరంలో ఉన్న మనిషికి సర్కారు దవాఖాన వైద్యం చేయకపోతే అది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని, డబ్బు లేదనే సాకుతో ప్రభుత్వం తప్పించుకోలేదని కోర్టు చెప్పింది. ఆయనకు పరిహారం ఇప్పించింది. ఈ కథలో గమనించాల్సింది తీర్పు ఒక్కటే కాదు. హకీం షేక్ పక్కన చదువుకున్న బిడ్డ నిలబడలేదు, సంఘం నిలబడింది.

2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. అందులో 17 హక్కులున్నాయి. తన రోగమేంటో, చేసే వైద్యమేంటో తెలుసుకునే హక్కు ఉంది. కాగితాలు, రిపోర్టులు పొందే హక్కు ఉంది. వేరే డాక్టర్ సలహా తీసుకునే హక్కు ఉంది. కులం, మతం, భాష వంటివాటి పేరుతో వివక్ష లేని వైద్యం పొందే హక్కు ఉంది. దాన్ని అమలు చేయమని కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలకు రాసింది. అంతకుముందే, 2002 వైద్యవృత్తి నిబంధనల్లోనే, రోగి గానీ రోగి తరఫున అధికారమున్న మనిషి గానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని ఉంది. నేను కేస్ షీట్ కాపీ అడిగినప్పుడు "నీకెందుకు?" అన్నారు. అప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. మీకు ఇప్పుడు తెలిసింది.

ఇక భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండీ మాట్లాడేవాళ్ళు 29 లక్షలకు పైనే. పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పించే ప్రయత్నం చేయాలని రాజ్యాంగం 350-ఏ అధికరణంలో ఉంది. మార్లవాయిలో 1940లలోనే హైమండార్ఫ్ గోండు టీచర్లకు శిక్షణ ఇప్పించి గోండీలో పాఠాలు చెప్పించాడు. ఆ కాలంలోనే కెస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. జోడేఘాట్‌లో కుమ్రం భీము ప్రాణమిచ్చాకే నిజాం సర్కారుకు గోండుల గోడు వినాలన్న బుద్ధి పుట్టింది. అధికారులు జాతరకు వచ్చి కూర్చుని మనవాళ్ళ మాట వినాలన్నదే ఆ దర్బారు ఉద్దేశం. ఏడాదికి ఒక్క రోజు భూమి గురించి, బావి గురించి గోండీలో చెప్పుకోగలిగిన మనిషి, కడుపునొప్పి గురించి ఏ రోజైనా గోండీలో చెప్పుకోగలగాలి కదా! బడిలో ఒప్పుకున్న న్యాయం దవాఖానలో ఎందుకు చెల్లదు?

ఏం చేద్దాం

మనం అడగాల్సినవి గొంతెమ్మ కోరికలేం కావు. ఏజెన్సీ రోగులు వచ్చే ప్రతి పెద్ద దవాఖానలో గోండీ, కొలామీ వంటి మన భాషలు తెలిసిన మనిషిని జీతమిచ్చి పెట్టాలి. పగలొక్కటే చాలదు, రాత్రి కూడా ఉండాలి. నేనున్న చోట హెల్ప్ డెస్క్ అని బోర్డు ఉంది, బల్ల ఉంది, చీకటి పడ్డాక కుర్చీలో మనిషి లేడు. రోగాలకు ఆఫీసు టైం ఉండదు. రెండోది, "మందులు మానేసింది", "చెప్పకుండా వెళ్ళిపోయాడు" అని రాసేముందు ఆ మనిషి భాషలో కారణం అడగాలి, ఆ కారణం కూడా రాయాలి. మూడోది, ప్రతి రోగినీ తూకం వేయాలి. నవ్వొస్తోందా? మా అవ్వ ప్రాణం మీదికి తెచ్చింది అదే. నాలుగోది, కాంట్రాక్టు ఉద్యోగులకు, కూలీలకు అమ్మానాన్నల రోగానికి జీతంతో సెలవు, కూలి పరిహారం ఉండాలి. అవ్వతో ఉన్న రోజులకు నాకు జీతం కోసుకున్నారు. ఆరోగ్యశ్రీ రోగి బిల్లు చూసుకుంటుంది. రోగి పక్కన కూర్చున్న మనిషి ఆకలి ఎవరు చూస్తారు?

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. ప్రతి రాయి సెంటర్ పరిధిలో చదువుకున్న నలుగురైదుగురు యువకులు, యువతులు ఒక జట్టుగా ఏర్పడాలి. ఎవరి ఇంట్లో రోగమొచ్చినా వంతుల వారీగా దవాఖానకు తోడు వెళ్ళాలి. పెద్దలు, సార్‌మేడీలు ఈ సంగతి పంచాయితీలో మాట్లాడాలి. పెళ్ళికీ చావుకీ గూడెం మొత్తం పనులు పంచుకుంటుంది. రోగం దగ్గరకు వచ్చేసరికి ఎవరి మంచం వాళ్ళదే ఎందుకయింది?

తోడు వెళ్ళేవాళ్ళు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మొదలైన తేదీ, మాత్రల పేర్లు, బరువు, మారిన గుర్తులు అందులో రాయండి. ప్రతి చీటీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. డాక్టర్‌ను అడగాల్సినవి అయిదే: ఏం రోగం? ఈ మందు ఎందుకు, ఎన్నాళ్ళు? ఏ గుర్తు కనిపిస్తే వెంటనే రావాలి? పరీక్షలో ఏం తేలింది? మళ్ళీ ఎప్పుడు రావాలి, ఎవరి దగ్గరికి? టీబీ రోగి అయితే పోషణ కోసం నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడుతున్నాయో లేదో చూడండి. 2024 నవంబరు నుంచి 500ను 1000 చేశారు. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు ఉంటే ముందు అది సరిచేయించండి.

టీచర్లకు ఒక మాట. మన ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలకు మొదట నేర్పేది చేతులు కట్టుకుని నిలబడటం. "గుడ్ మార్నింగ్ సార్" అనడం నేర్పుతాం, "ఎందుకు సార్?" అనడం నేర్పం. నేనూ అదే చేశాను. ఎదురు ప్రశ్న వేసిన పిల్లను కూర్చోమన్నాను. ఆ పిల్లే రేపు వాళ్ళ నాన్న మంచం పక్కన నిలబడి డాక్టర్‌ను ఎట్లా అడుగుతుంది? ఇప్పుడు మా బడిలో ఎనిమిదో తరగతివాళ్ళతో నెలకోసారి ఒక ఆట ఆడిస్తున్నాను. ఒకరు డాక్టర్, ఒకరు గోండీ మాత్రమే వచ్చిన ముసలి రోగి, ఒకరు తోడొచ్చినవాళ్ళు. డాక్టర్ వేషం వేసినవాళ్ళు కసురుకోవాలి, తోడొచ్చినవాళ్ళు గొంతు పెంచకుండా, వెనక్కి తగ్గకుండా అడగాలి. రోగి చెప్పింది ఒక్క మాట కూడా వదలకుండా తెలుగులో చెప్పాలి. మొదట్లో నవ్వులాటగా ఉండేది. మొన్న ఒక పిల్ల డాక్టర్ వేషంలో ఉన్న పిల్లగాణ్ణి, "సార్, మీరు నాతో కాదు, మా తాతతో మాట్లాడండి. నేను చెప్తా" అంది. ఆ మాట నేను నేర్పలేదు.

మా అవ్వ కోర్సు పూర్తయింది. ఇప్పుడు 41 కిలోలుంది, తూకం వేసిన బరువు. పొద్దున్నే లేచి చేనుకు పోతానంటుంది. వద్దంటే వినదు. కొలాం తాత ఏ గూడెం మనిషో నాకు తెలియదు. ఆ రోజు పేరు కూడా అడగలేదు. నన్ను మెచ్చుకునేవాళ్ళంతా ముందు ఆయన గురించి అడగండి. ఆయన మనవడు ఎవరినైనా ఏదైనా అడగగలిగే రోజు వచ్చాక మెచ్చుకుందురుగాని.